పదమూడో కాలమ్

8 జూన్ 1998, సోమవారం

కొత్త పని వచ్చింది. తెచ్చింది నిర్మలాదేవి మేడం, ఆడపిల్లల కాలేజీలో లెక్చరర్. సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద, బట్ట నేసేవాళ్లు వరసగా చనిపోతున్నారని ఆమె, ఇంకో నలుగురు కలిసి రెండు నెలలు ఇల్లిల్లూ తిరిగి రిపోర్టు రాశారు. హైదరాబాద్‌లో ఒక విచారణ కమిటీ ముందు పెట్టాలట. ఈ నెల ముప్పై ఆఖరు తారీఖు. నూటపది పేజీల చేతిరాతను నేను వర్డ్‌లో టైపు చేయాలి. చనిపోయినవాళ్ల పట్టిక మాత్రం ఆమె శిష్యులెవరో ఎక్సెల్‌లో చేసి ఫ్లాపీలో ఇచ్చారు. దాన్ని తెచ్చి నలభై రెండో పేజీ తర్వాత పెట్టాలి.

కోర్టు దగ్గరి మా టైపింగ్ దుకాణం యజమాని దయాకర్‌రావు సార్, ఆమె అడిగిన వెంటనే ఒప్పుకున్నాడు. ఆయన దృష్టిలో కంప్యూటర్ చేయలేని పని లేదు. ఆయన మాత్రం దాన్ని ముట్టడు. పొద్దున వచ్చి ఊదుబత్తి వెలిగించి దాని ముందు మూడు చుట్లు తిప్పి, అద్దాల గది బయట కుర్చీలో కూర్చుంటాడు. చెప్పులు విడవనిదే ఆ గదిలోకి ఎవరినీ రానివ్వడు. టైపు మిషన్లు ఉన్న రోజుల్లో ఇంత మర్యాద లేదు.

ఫ్లాపీ తెరిచి చూశాను. ముప్పై ఒక్క పేర్లు. అన్న పేరు పంతొమ్మిదో వరుసలో ఉంది. చూసి, టీ తాగడానికి పోయాను.

9 జూన్

పట్టికకు పదమూడు కాలమ్‌లు. పేరు, వయసు, ఊరు, సాంచెల మీద పనిచేసిన ఏళ్లు, పిల్లలు, ఇల్లు సొంతమా కిరాయా, ఇట్లా పోయి పోయి చివరిదానికి ‘ఆఖరి రోజులు, ఇంటివాళ్ల మాటల్లో’ అని పేరు పెట్టారు. అదే అన్నిటికంటే వెడల్పు.

రిపోర్టు నిలువు కాగితం. పట్టిక అడ్డం. ఎక్సెల్‌లో కాపీ చేసి వర్డ్‌లో పెడితే తొమ్మిదో కాలమ్ దాకా పేజీలో ఉంది. మిగతావి కుడివైపు అంచు దాటి బయటికి పోయాయి. పోవడమంటే పోవడం కాదు, ఉంటాయి. కనిపించవు, ప్రింటు కావు, అంతే. మాది చిన్న లేజర్ ప్రింటర్, మామూలు కాగితం తప్ప తీసుకోదు.

10 జూన్

కరెంటు లేదు.

12 జూన్, శుక్రవారం

మార్జిన్లు తగ్గించాను. కాలమ్‌లు ఒక్కొక్కటి నొక్కాను. ఊరి పేర్లు రెండు అక్షరాల చొప్పున విరిగి నిలువుగా దిగాయి. అక్షరాలు చిన్నవి చేయమని సార్ సలహా. చేశాను. పన్నెండు కాలమ్‌లు పట్టాయి. ఒత్తులు గుణింతాల్లో కలిసిపోయి చదవడానికి భూతద్దం కావాలి. సార్ కాగితాన్ని కిటికీ దగ్గరికి తీసుకుపోయి, దూరం పెట్టి, దగ్గర పెట్టి చూసి, మంచిగనే ఉంది అన్నాడు. తర్వాత కళ్లజోడు తెచ్చుకుని చూసి, కాగితం నా బల్ల మీద పెట్టి పోయాడు.

పాత రోజుల్లోలాగా రెండు కాగితాలు గోందుతో అతికించి మడత పెట్టమని సాంబయ్య సలహా. సాంబయ్య మా దుకాణం అరుగు మీద కూర్చుని అర్జీలు రాస్తాడు. నలభై ఏళ్ల నుంచి అదే చోటు. ఈ మధ్య నాతో మాట్లాడింది ఇదే.

పదమూడోది పట్టడం లేదు. నా చేతిలో ఏముంది?

13 జూన్

పంతొమ్మిదో వరుస, పదమూడో కాలమ్ ఇక్కడ రాసి పెట్టుకుంటున్నాను. ఎందుకో తెలియదు.

‘9-2-98న కరీంనగర్‌లో ఉన్న తమ్ముడి దగ్గరికి వెళ్లాడు. తమ్ముడు కూర్చోబెట్టి హోటల్లో అన్నం పెట్టించాడు. వాచ్‌మన్ పని ఇప్పిస్తానని మాట ఇచ్చాడు. సంతోషంగా తిరిగి వచ్చాడు. రెండో రోజు ఆత్మహత్య. చెప్పినవారు: భార్య సక్కుబాయి.’

ఆ ఫిబ్రవరి తొమ్మిదో తారీఖు నేను ఊళ్లో లేను. హైదరాబాద్ పోయాను.

14 జూన్, ఆదివారం

మా ఆవిడ కూర ఎట్లా ఉందని అడిగింది. బాగుందన్నాను. ఏం కూర అని అడిగింది. చూసి చెప్పాను.

16 జూన్, మంగళవారం

మేడం వచ్చింది. చెప్పులు బయట విడిచి, ఏసీకి కొంగు కప్పుకుని నా పక్కన కూర్చుని యాభై పేజీలు చదివింది. పదకొండు తప్పులు పట్టింది. నా లెక్కన అవి తొమ్మిదే, రెండు ఆమె రాసినవే. పట్టిక దగ్గర ఆగింది.

చివరి కాలమ్ ఏదని అడిగింది. పేజీ చాలదని చెప్పాను. ఆమె కోప్పడలేదు. మొదటి పన్నెండు కాలమ్‌లు ఏ ఆఫీసుకు పోయినా దొరుకుతాయని, ఆ చివరిది కోసమే తాము ఇల్లిల్లూ తిరిగామని చెప్పింది. కొన్ని ఇళ్లలో మూడోసారి పోతే కానీ నోరు విప్పలేదట. జర ఎట్లనన్న చూడండి రామచంద్రం గారూ, అంది.

ఇంటి పేరు అడిగితే చెప్పేవాణ్ణి. అడగలేదు. దుకాణంలో నేను రామచంద్రాన్ని, అంతే. పద్నాలుగేళ్ల నుంచి ఇస్త్రీ చొక్కా వేసుకుని వస్తున్నాను. మా బాపు, అన్న సాంచెల మీద పనిచేశారని ఇక్కడ సాంబయ్యకు తప్ప ఎవరికీ తెలియదు.

17 జూన్

అరవై నుంచి డెబ్బై ఎనిమిది దాకా టైపు అయింది.

తొమ్మిదో తారీఖు నేను హైదరాబాద్‌లో ఉన్నాను.

20 జూన్, శనివారం

సార్ ఎవరినో పట్టుకొచ్చాడు. హనుమంతు అని, బస్టాండు దగ్గర కంప్యూటర్ కోర్సులు నేర్పుతాడు. నాకంటే పదేళ్లు చిన్న. కుర్చీలో కూర్చుని, పట్టికకు పైన ఒక సెక్షన్ బ్రేక్ పెట్టాడు. కింద ఇంకొకటి పెట్టాడు. ఆ రెంటి మధ్య ఉన్న పేజీలను మాత్రమే ల్యాండ్‌స్కేప్ చేశాడు. పైన నిలువు, మధ్యలో అడ్డం, మళ్లీ కింద నిలువు. పేజీ నంబర్లు వరస తప్పలేదు. పదమూడు కాలమ్‌లూ చదవడానికి వీలైన అక్షరాల్లో వచ్చాయి. నాలుగు పేజీలు పట్టింది. నాలుగు నిమిషాలు కూడా కాలేదు.

సార్ అప్పుడు మార్కెట్‌కు పోయాడు. హనుమంతుకు టీ తెప్పించి, థాంక్స్ చెప్పి పంపాను.

తర్వాత అంతా వెనక్కి తీసేశాను. సార్ వచ్చి అడిగితే, అతనికి కూడా రాలేదని చెప్పాను.

22 జూన్, సోమవారం

సార్ మేడంకు ఫోన్ చేసి చెప్పాడు. ఎందరికో చూపించినం, ఎవ్వరితోని అయితలేదు, తారీఖు దగ్గరికొచ్చింది అన్నాడు. అయితే ఆ కాలమ్ తీసెయ్యండి అని ఆమె అందట.

సార్ నా వైపు తిరిగి, పీడ పోయింది అన్నాడు. నేను పదమూడో కాలమ్‌ను వర్డ్‌లో నుంచి తీసేశాను. ముప్పై ఒక్క ఇళ్లవాళ్లు చెప్పింది ఒక్క మీటతో పోయింది. ఫ్లాపీలో ఉంది కదా అనుకున్నాను. నాకు ఏమీ అనిపించలేదు. తేలికగా ఉంటుందనుకున్నాను, అది కూడా లేదు.

23 జూన్

ప్రింటు మొదలు. నలభై పేజీలు.

24 జూన్, బుధవారం

తొమ్మిదో తారీఖు నేను దుకాణంలోనే ఉన్నాను.

రాయడం మొదలుపెట్టాను కాబట్టి రాసేస్తాను. సార్ బావమరిది కోర్టు వెనక కాంప్లెక్స్ కడుతున్నాడు. దానికి వాచ్‌మన్ కావాలని సార్ జనవరిలో నాతోనే అన్నాడు. అన్నకు చెప్పాను. నేనే చెప్పాను, ఆయన అడగలేదు. ఇరవై రెండేళ్లు సాంచెల మధ్య నిలబడ్డవాడు, దగ్గుతో సగం అయ్యాడు, అప్పటికి నాలుగు నెలలుగా పని కూడా వారంలో రెండు రోజులే ఉంటోంది. వాచ్‌మన్ అయితే గాలి తగులుతుందని సంబరపడ్డాడు. సార్‌ను అడిగి చెప్తానన్నాను.

అడగలేదు. అడగాలంటే వాచ్‌మన్ పని మా అన్నకు కావాలని చెప్పాలి. నోరు రాలేదు. రేపు అడుగుదాం అనుకున్నాను. జనవరి అంతా రేపే అయింది.

అన్న రెండుసార్లు వచ్చి పోయాడు. రెండోసారి అరుగు మీద కూర్చుని నాతో మాట్లాడుతుంటే, లోపల ఉన్న వకీళ్లు తలలు తిప్పి చూశారు. సాంచెల షెడ్డులో పక్కవాడికి వినపడాలన్నా అరవాలి. అక్కడ బతికినవాళ్లు బయట కూడా అట్లాగే మాట్లాడతారు, ఇంట్లో మమ్మల్ని కన్న అవ్వ కమలవ్వ దేవుడికి మొక్కినా వీధిలోకి వినపడుతుంది. ‘ఏమాయె తమ్మీ నా నౌకరి’ అని అన్న అడిగింది కోర్టు దాకా వినిపించి ఉంటుంది. ఒక వకీలు నవ్వాడు. నాకు సిగ్గేసింది. అన్న జుట్టులో పత్తి పోగులు ఉన్నాయి, దానికి కూడా సిగ్గేసింది.

మూడోసారి తొమ్మిదో తారీఖు. మధ్యాహ్నం ఒంటిగంట. రోడ్డు దాటుతుంటేనే అద్దంలో నుంచి చూశాను. బయటికి వచ్చి సాంబయ్యతో, నేను హైదరాబాద్ పోయానని చెప్పమన్నాను. మళ్లీ లోపలికి పోయి తలుపు వేసుకున్నాను. ఏసీ గది, అద్దాల తలుపు, అయినా అన్న ప్రతి మాట వినపడింది.

‘హైదరాబాద్ పోయిండా? మంచిదే. పానం మంచిగుందా మా తమ్మునికి?’

సాంబయ్య ఏమన్నాడో వినపడలేదు.

‘గా పని ముచ్చట ఫికర్ చెయ్యొద్దని చెప్పు. నిమ్మలంగ చూస్తడు గని.’

కాసేపు అరుగు మీద కూర్చున్నాడు. మంచినీళ్లు అడిగి తాగాడు. ఆ గ్లాసు శబ్దం కూడా వినపడింది. తర్వాత లేచి పోయాడు. నేను కంప్యూటర్ ముందు ఒక కిరాయి అగ్రిమెంటు టైపు చేస్తూ ఉన్నాను. తప్పు లేకుండా వచ్చింది.

పదకొండో తారీఖు మా ఇంటి దగ్గరి పోస్టాఫీసుకు ఫోన్ వచ్చింది, అన్న పోయాడని.

దినాల నాడు ఇంటినిండా చుట్టాలు ఉన్నప్పుడు వదిన అందరికీ చెప్పింది, ఆఖరుకు తమ్ముని దగ్గరికి పోయి కడుపునిండా తినొచ్చిండని. అందరూ నా వైపు చూశారు. మేనత్త నా తల నిమిరింది. నేను తల వంచుకుని ఉన్నాను. అన్న ఇంటికి పోయి అట్లా చెప్పాడని నాకు అప్పుడే తెలిసింది. నేను దాక్కున్నాను, ఆయన నా మర్యాద కాపాడాడు. నాలుగు నెలల నుంచి ఆ మర్యాదతోనే ఊరికి పోయి వస్తున్నాను.

పదమూడో కాలమ్ నన్ను తిడుతూ ఉంటే ఎప్పుడో పట్టించేవాణ్ణి. అది నన్ను మెచ్చుకుంటోంది. అది ముద్రించి కమిటీకి పంపితే, ముప్పై ఒక్కమందిలో ఒక్కడికి మంచి తమ్ముడున్నాడని పెద్దమనుషులు చదువుకుంటారు. అబద్ధమని రాస్తే అవ్వకు, వదినకు తెలుస్తుంది. అందుకని పేజీ చాలలేదు.

ఈ రోజు మధ్యాహ్నం సార్‌ను అడిగాను, ఆ కాంప్లెక్స్‌కు వాచ్‌మన్ దొరికాడా అని. ‘యాడ దొర్కిండు. నమ్మకమైనోడు ఎవడన్న ఉంటె చెప్పు, గీ ఫిబ్రవరిల చెప్పినా పెట్టుకుంటుంటిమి’ అన్నాడు.

సాంబయ్య అరుగు మీది నుంచి వింటున్నాడు. నేను బయటికి వచ్చినప్పుడు కలం కింద పెట్టి అన్నాడు. ‘నేను రాసేటియి సగం అబద్దాలే రామచంద్రం, నాకు అలవాటే. గా ఒక్కటి మాత్రం గొంతుల్నే ఉన్నది.’

25 జూన్, గురువారం

వదిన వచ్చింది.

రిపోర్టు కరీంనగర్‌లో ఫలానా దుకాణంలో తయారవుతోందని మేడం ఊళ్లో చెప్పిందట. అక్కడ మా మరిది ఉంటడని వదిన ఆమెకు చెప్పలేదు, ఆమె అడగలేదు. తన భర్త గురించి ఏం రాశారో వినాలని పొద్దుటి బస్సుకు వచ్చింది. చెప్పులు విడిచి అద్దాల గదిలో నా పక్కన నిలబడింది. కుర్చీ వేస్తే కూర్చోలేదు. సార్ ఎవరని అడిగాడు. మా వదిన అని చెప్పాను. మా అన్న సాంచెల మీద పనిచేసేవాడని, ఫిబ్రవరిలో పోయాడని కూడా చెప్పాను. సార్ కుర్చీలో నుంచి లేచి బయటికి పోయాడు. ఆయన అట్లా లేవడం నేను చూడలేదు.

ప్రింటు తీసి పంతొమ్మిదో వరుస చదివాను. పర్శరాములు, ముప్పై ఎనిమిది, ఇరవై రెండేళ్లు, ఇద్దరు పిల్లలు, కిరాయి ఇల్లు. పన్నెండో కాలమ్ దాకా చదివి ఆపాను.

‘గంతేనా?’ అంది వదిన. ‘మేడం నా ముందట్నే రాసుకున్నది. నేను చెప్పింది ఏది?’

కాగితం పన్న, అదే వెడల్పు, చాలలేదని చెప్పాను. వదిన ప్రింటును చేతిలోకి తీసుకుంది. చదువు రాదు. తిప్పి అడ్డంగా పట్టుకుంది.

‘గిట్ల పెట్టరాదా? పన్న సాలకపోతె బట్టను కోసి పారేస్తమా, పెద్ద సాంచెకు ఎక్కిస్తం గని. గిన్ని చదువులు చదివిన్రు.’

ఆమె గొంతు కూడా అందరి లాంటిదే. బయట వకీళ్లు తలలు తిప్పారు. నాకు సిగ్గు వేయలేదు. వేస్తుందేమో అని చూసుకున్నాను.

అప్పుడు చెప్పాను. కంప్యూటర్ వైపు చూస్తూ చెప్పాను. ఆ రోజు నేను ఇక్కడే ఉన్నానని, ఇదే కుర్చీలో ఉన్నానని, లేనని చెప్పించానని, అన్నం పెట్టలేదని, పని గురించి ఎవరినీ అడగలేదని. అన్నీ చెప్పాక ఇంకేమైనా ఉందా అని ఆలోచించాను. ఆయన నీళ్లు తాగాడని చెప్పాను.

వదిన కుర్చీలో కూర్చుంది.

‘నాకెరుకనే’ అంది. గొంతు తగ్గించి మాట్లాడింది. ఆమెకు అట్లా మాట్లాడడం వచ్చని నాకు తెలియదు. ‘బస్సు దిగొచ్చి మూడుసార్లు అన్నం పెట్టిచ్చుకున్నడు. తమ్ముని దగ్గర తిన్నోడు గట్ల తింటడా.’

మరి మేడంకు అట్లా ఎందుకు చెప్పావని అడిగాను.

‘ఆయన చెప్పిండు. ఆయన చెప్పిన తీర్గనే చెప్పిన. ఆఖరుకు నోట్లకెల్లి వచ్చిన ముచ్చట గది, నేనెట్ల మారుస్త?’ ప్రింటు నా ముందు పెట్టింది. ‘గది తీసెయ్యకు. ఆయన మాట ఆయనది. నీ మాట ఉంటె పక్కన నువ్వు రాసుకో.’

నన్ను తిట్టలేదు. క్షమించానని కూడా అనలేదు. అన్నం తిందువు రా అని పిలిచాను. ఆకలి లేదంది. నాలుగు గంటల బస్సుకు పోయింది. నేను బస్టాండు దాకా వెనక నడిచాను. బస్సు కిటికీలో నుంచి కూడా ఆమె ఇటు చూడలేదు.

26 జూన్

ప్రింటు చేసినవన్నీ చించి బుట్టలో వేశాను. సార్‌కు చెప్పాను, హనుమంతుకు ఆ పని వచ్చని, నాకూ వచ్చని, శనివారం నుంచీ వచ్చని. ఆయన అరిచి ఉంటే బాగుండేది. ‘ముప్పైకి అయితదా మరి?’ అని మాత్రం అడిగాడు. అవుతుందన్నాను.

27 జూన్, శనివారం

పైన ఒక బ్రేక్, కింద ఒక బ్రేక్. మధ్యలో కాగితం అడ్డం తిరిగింది. ఫ్లాపీలో నుంచి పదమూడు కాలమ్‌లూ మళ్లీ తెచ్చాను. ముప్పై ఒక్క వరుసలూ చదివాను. ఇన్నాళ్లు నేను పంతొమ్మిదోది తప్ప చదవలేదు. ఏడో వరుసలో ఒకామె, ఆ పొద్దున బిడ్డకు జడ వేసి బడికి పంపి మరీ పోయాడని చెప్పింది. ఇరవై ఆరో వరుసలో తండ్రి ‘నాకేమీ తెలియదు’ అని మాత్రమే చెప్పాడు, మేడం అదే రాసింది. ఇవన్నీ సోమవారం నాడు నేను తీసేసినవి.

మేడంకు ఫోన్ చేశాను. పట్టిక మొత్తం పట్టిందని చెప్తే ఊపిరి పీల్చుకున్నట్టు వినపడింది. పంతొమ్మిదో వరుసలో ఒక మాట కలపాలని చెప్పాను. చెప్పేది ఎవరని అడిగింది. ఆయన తమ్ముణ్ణని చెప్పాను. భార్య మాట అట్లనే ఉంచండి, కింద మీరు చెప్పేది మీ మాటల్లనే రాయండి, నేను దిద్దను అంది.

టైపు మిషన్ నాటి నుంచీ వేరేవాళ్ల మాటలే కొడుతున్నాను. నా మాట ఒక్కటీ ఏ కాగితంలోనూ లేదు. ఎట్లా మొదలుపెట్టాలో తెలియక గంట కూర్చున్నాను. సాంబయ్య ఒకసారి లోపలికి వచ్చాడు, చెప్పులు విడిచి. రెండు ముక్కలు చదివి, నన్ను కూడా రాయి, లేడని చెప్పిన నోరు నాదే కద అన్నాడు. ఆ మాట చెప్పించింది నేనని, అది నాదేనని అన్నాను.

వరుస పొడవు పెరిగి ఇరవయ్యో పేరు కింది పేజీకి జరిగింది. పేజీ నంబర్లు సరిచూశాను. విషయసూచిక మార్చాను. సాయంత్రం ఐదుకు ప్రింటు తీశాను. వదిన చెప్పినదాని కింద ఇట్లా ఉంది.

‘9-2-98న అన్న వచ్చినప్పుడు నేను దుకాణంలోనే ఉన్నాను. ఊళ్లో లేనని చెప్పించాను. అన్నం పెట్టలేదు. వాచ్‌మన్ పని గురించి ఎవరినీ అడగలేదు. ఆ పని ఈ రోజుకు కూడా ఖాళీగానే ఉంది. చెప్పినవారు: తమ్ముడు రామచంద్రం.’